చిప్ మీది నంబరు రాసుకోండి

సభకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ ఇప్పటికే చదివారు, నేను మళ్లీ చదవను. కంప్యూటర్ మరమ్మతులో ఉపాధి గురించి మాట్లాడమన్నారు. కానీ ఇందాక మీ ల్యాబులో ఒక అట్టపెట్టె చూశాను. నిండా పాత డయలప్ మోడెములు, అంటే కంప్యూటర్‌ను ఫోను తీగ ద్వారా ఇంటర్నెట్‌కు కలిపే పరికరాలు. పైన ‘తుక్కు’ అని రాసి ఉంది. అది చూశాక రాసుకొచ్చిన కాగితం చదవబుద్ధి కావడం లేదు.

2001లో ఇక్కడే కడపలో ఒక ఇంటికి పిలిచారు. కాలు విరిగి మంచం మీదున్న తల్లి. కొడుకు కువైట్‌లో. అతని ఈమెయిల్ ఉత్తరాలు ఇంట్లోనే చూసుకోవాలని మనవడు మోడెమ్ కార్డు కొన్నాడు. అమ్మినవాళ్లు డ్రైవర్ సీడీ ఇవ్వలేదు! డ్రైవర్ అంటే ఆ కార్డును కంప్యూటర్‌తో పని చేయించే ప్రోగ్రాము. విండోస్ 98లో కార్డును గుర్తుపట్టలేదని పసుపుపచ్చ ప్రశ్నార్థకం, అంతే. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

పిల్లలూ, ఇది వినండి. కంప్యూటర్ బయట పెట్టుకునే పాత మోడెములు చాలావరకు తమ పని తామే చేసుకునేవి. నంబరు తిప్పు, ఫోను పెట్టెయ్ లాంటి ఏటీ ఆదేశాలు అందితే చాలు. చవక కార్డులు అలా కాదు. అంకెలను ఫోను తీగ మీది ధ్వనిగా మార్చే పని కంప్యూటర్ ప్రాసెసర్ మీద వేస్తాయి. ఆ పని చేయించేది డ్రైవరే. డ్రైవర్ లేకపోతే ఆ కార్డు వట్టి రేకు. డ్రైవరేమో ఇంటర్నెట్‌లో ఉంది, ఇంటర్నెట్‌కు వెళ్లాలంటే డ్రైవర్ కావాలి!

కార్డు ఊడదీశాను. డబ్బా మీది పేరు ఎందుకూ పనికిరాదు, ఏ డ్రైవర్ కావాలో తేలాలంటే చిప్ తయారీదారు ఎవరో తెలియాలి. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, టార్చి వాలుగా పట్టుకుంటే గానీ అక్షరాలు కనబడలేదు. నెట్ సెంటరుకు పరుగెత్తాను. ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లే, డ్రైవర్ ఫైలు రెండు ముక్కలు చేశాను. ఇంటికొస్తే రెండో ఫ్లాపీ చదవలేదు. మళ్లీ వెళ్లాను. ఈసారి ప్రతి ముక్కకూ రెండేసి ఫ్లాపీలు.

డ్రైవర్ ఎక్కించి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేసి, డయాగ్నస్టిక్స్‌లో, అంటే మోడెమ్‌ను పరీక్షించే చోట, చూస్తే మోడెమ్ జవాబిచ్చింది. తర్వాత ఇంటర్నెట్ కలిసేటప్పటి ఆ కీచు, ఆ గరగర. కొడుకు పంపిన ఫొటో తెర మీద పైనుంచి కొంచెం కొంచెంగా దిగుతోంది. ముఖం ఇంకా రానేలేదు, “తలకు నూనె పెట్టుకోవడం మానేశాడు” అంది ఆ తల్లి.

ప్రిన్సిపాల్ గారూ, ఆ పెట్టెను తుక్కువాడికి ఇవ్వకండి. మోడెములతో వచ్చిన ఫ్లాపీలు ఉంటే పాడైపోతాయి, వాటిలోని డ్రైవర్లను ముందు కాపీ చేయించండి. ఒక్కో కార్డుకు చిప్ నంబరు రాసిన చీటీ కట్టాలి. సాయంత్రం దాకా నేను ల్యాబులోనే ఉంటాను. టార్చి తెచ్చుకున్నాను. ఇద్దరు ముగ్గురు పిల్లలు నాతో రండి.