మోకాలి ఆపరేషన్‌కి రెండు యూనిట్ల రక్తమా? ఆ డేట్ ఎందుకు ఇచ్చారో ముందు అడగండి!

నమస్కారమండీ. ఈ మెసేజ్ మీ వాట్సాప్‌కీ వచ్చే ఉంటుంది. "అనంతపురం నుంచి వచ్చిన అమ్మకి రేపు పొద్దున బెంగళూరులో మోకాలి మార్పిడి, బి నెగెటివ్ రెండు యూనిట్లు అర్జెంట్." అది చూసి మారతహళ్లి పీజీల్లో ఉండే మన పిల్లలు అర్ధరాత్రి బండేసుకుని బ్లడ్ బ్యాంకుకి పరిగెడతారు. వాళ్ల మనసు బంగారం. నా కోపమంతా ఆ "అర్జెంట్" అన్న మాట మీద. మోకాలి మార్పిడి యాక్సిడెంట్ కేసా? నెల ముందే అనుకున్న ఆపరేషన్‌కి రాత్రికి రాత్రి రక్తం ఎందుకు వెతుక్కోవాల్సి వచ్చింది?

నా వాదన ఒక్కటే. ఆ రక్తంలో చాలా భాగం టేబుల్ మీద కారినందుకు ఎక్కట్లేదు. హీమోగ్లోబిన్ చూడకుండా డేట్ ఇచ్చినందుకు ఎక్కుతోంది!

లెక్క చూడండి. ఒక మోకాలు మారిస్తే హీమోగ్లోబిన్ రెండు మూడు పాయింట్లు పడిపోవడం మామూలే. 13తో లోపలికెళ్లిన మనిషి 10తో బయటికొస్తాడు, రక్తం అక్కర్లేదు. 10తో వెళ్లిన అమ్మ 7కి వస్తుంది, బాటిల్ తగిలిస్తారు. డాక్టర్ ఒకరే, కోత ఒకటే, పోయిన రక్తమూ అంతే. మరి తేడా ఎక్కడొచ్చింది? డేట్ ఇచ్చిన రోజే!

అసలు ఆ అమ్మకి 10 ఎందుకుంది? మోకాలి నొప్పికని ఏళ్ల తరబడి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ మింగితే కడుపులో పుండు పడుతుంది, చుక్క చుక్కగా రక్తం పోతుంది, ఐరన్ అడుగంటుతుంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బి12 కూడా తగ్గొచ్చు. కాబట్టి కనీసం నాలుగు వారాల ముందు హీమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ కూడా చూడాలి. ఫెరిటిన్ 30 లోపుంటే ఐరన్ నిల్వ ఖాళీ అయినట్టే. ఆరేడు వారాల టైముంటే మాత్రలు చాలు, కానీ ఫిల్టర్ కాఫీతో కలిపి మింగితే ఐరన్ సరిగా ఒంటపట్టదు. టైం తక్కువైతే నరానికి ఎక్కించే ఐరన్, అంటే ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ డ్రిప్, 1000 మిల్లీగ్రాములు, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. అయితే ఆ ఐరన్ రక్తంగా మారడానికి రెండు నుంచి నాలుగు వారాలు కావాలి. ఆపరేషన్ ముందురోజు ఎక్కిస్తే ఆ ఆపరేషన్‌కి అక్కరకు రాదు. మళ్లీ డేట్ దగ్గరికే వచ్చాం చూశారా!

ఇక ఆపరేషన్‌లో పోయే రక్తాన్ని తగ్గించే మందు, ట్రానెగ్జామిక్ యాసిడ్. జపాన్‌లో ఒకామోతో దంపతులు 1962లో లోకానికి చెప్పిన మందు, చాలా చవక. ఇది కొత్తగా గడ్డ కట్టించదు, కట్టిన గడ్డ కరిగిపోకుండా పట్టి ఉంచుతుంది. ఆపరేషన్ చేసేటప్పుడు రక్తం రాకుండా తొడకి బిగించి కట్టిన పట్టీ (టోర్నికే) వదలగానే గడ్డలు కరిగే వేగం పెరుగుతుంది, అక్కడే దీని పని. కోతకి ముందు 1 గ్రాము, పది నిమిషాల పాటు నెమ్మదిగా నరానికి ఇస్తారు. మూడు గంటలకి ఇంకో గ్రాము ఇవ్వొచ్చు, లేదా సెలైన్‌లో కలిపి కీలులోనే పోయొచ్చు. "కాలి నరాల్లో గడ్డలు కడతాయేమో" అని ఇంకా భయపడేవాళ్లున్నారు. అమెరికా ఆర్థోపెడిక్, అనస్థీషియా సంఘాలు కలిసి 2018లోనే దీన్ని వాడమని సిఫారసు చేశాయి. ఫిట్స్, కిడ్నీ జబ్బు, ఈమధ్యే వేసిన స్టెంట్ ఉంటే మాత్రం మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి.

ఇంకో సంగతి, ఇది ప్రాణాల మీదికొచ్చేది. ఈ మందు ఆంపుల్ (చిన్న గాజు సీసా), వెన్నులో ఇచ్చే మత్తుమందు ఆంపుల్ చూడ్డానికి ఒకేలా ఉండి, పొరపాటున దీన్ని వెన్నులోకి ఎక్కించి మనుషులు చనిపోయారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది కూడా. రెండూ ఒకే ట్రేలో ఉండనే కూడదు!

టేబుల్ దగ్గర చేయాల్సిన పనులూ ఉన్నాయి. తొడ ఎముకలోకి రాడ్ దించిన రంధ్రాన్ని, కోసి తీసిన ఎముక ముక్కతోనే బిరడాలా మూసేయాలి. లేదంటే మజ్జలోంచి ఊరుతూనే ఉంటుంది. బయటి వైపు మెనిస్కస్ (కీలులో ఎముకల మధ్య ఉండే మెత్తటి దిండులాంటిది) తీసేచోట చిన్న రక్తనాళం ఉంటుంది, సిమెంట్ పెట్టకముందే దాన్ని కాల్చి ఆపాలి, ఇంప్లాంట్ పెట్టాక అక్కడికి చెయ్యి దూరదు. అందరికీ డ్రెయిన్ గొట్టం పెట్టే అలవాటు మానాలి. లోపల నిండిన రక్తమే ఒత్తిడితో కారుడు ఆపుతుంది, గొట్టం దాన్ని లాగేస్తుంది.

ఆపరేషన్ తర్వాత "మొహం పాలిపోయింది, ఒక యూనిట్ వేద్దాం" అంటారు. ఎంతుందో నంబర్ అడగండి. 2011లో వచ్చిన ఫోకస్ అనే పరిశోధనలో, తుంటి విరిగి గుండె రిస్కు కూడా ఉన్న పెద్దవాళ్లని చూశారు. హీమోగ్లోబిన్ 10 కంటే తగ్గగానే రక్తమిచ్చినవాళ్లకీ, 8 దాకా ఆగినవాళ్లకీ ప్రాణంలోనూ నడకలోనూ తేడా రాలేదు. ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే సంగతి వేరు, ఆగకూడదు. ఇచ్చినా ఒక యూనిటే, మళ్లీ టెస్ట్ చేశాకే రెండోది. ఒక యూనిట్‌తో పెరిగేది సుమారు ఒక పాయింటే.

రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించుకునేవాళ్లయితే ఇంకా జాగ్రత్త పడాలి, పోయే రక్తం దాదాపు రెట్టింపు. అలాంటివాళ్లకి 10 హీమోగ్లోబిన్‌తో "వచ్చే మంగళవారం అడ్మిట్ అవ్వండి" అంటే ఒప్పుకుంటారా మీరు? మీ ఇంట్లో ఈ ఆపరేషన్ అయినవాళ్ల ఫైల్ తీసి రెండు తేదీలు చూడండి: మొదటిసారి హీమోగ్లోబిన్ చూసిన తేదీ, కోత పెట్టిన తేదీ. మధ్యలో ఎన్ని రోజులున్నాయో కామెంట్‌లో రాయండి.