డానియెల్ గోపురంలో రాయి

సభకు నమస్కారం.

జర్మనీ దక్షిణాన, బవేరియాలో, నోర్డ్‌లింగెన్ అనే ఊరుంది. జనాభా 20 వేల చిల్లర. ఎర్ర పెంకుల ఇళ్లు, వాటి చుట్టూ గుండ్రంగా కోటగోడ. 2.7 కిలోమీటర్ల ఆ గోడ మీదే నడిచి ఊరంతా చుట్టి రావచ్చు.

ఆ గోడ దాటి చూస్తే చదునైన పొలాలు, వాటి అంచున వలయంగా కొండలు. ఆ పల్లాన్ని రీస్ అంటారు, అడ్డంగా 24 కిలోమీటర్లు. ఇది చల్లారిన అగ్నిపర్వతమని పండితులు చాలాకాలం నమ్మారు. 1960లో అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్తలు యూజీన్ షూమేకర్, ఎడ్వర్డ్ చావో ఇక్కడి రాయిని పరీక్షించి కోయెసైట్ అనే ఖనిజాన్ని పట్టుకున్నారు. అది పుట్టాలంటే కావలసిన ఒత్తిడి అగ్నిపర్వతం వల్ల కాదు. సుమారు కోటిన్నర ఏళ్ల క్రితం ఆకాశం నుంచి ఒక గ్రహశకలం వచ్చి పడింది, ఆ దెబ్బకు నేల ఇలా గుంటపడింది.

ఆ దెబ్బకు చితికి, కరిగి, మళ్లీ గట్టిపడిన రాయే స్యూవైట్. బూడిదరంగు, మధ్యమధ్య నల్లటి గాజు పెంకులు. కంటికి ఆనని వజ్రపు రేణువులూ అందులో ఉన్నాయి. నన్ను కదిలించేది ఏమిటంటే, 1427లో ఈ ఊళ్లో సెయింట్ జార్జ్ చర్చి మొదలుపెట్టిన తాపీ మేస్త్రీలకు ఇవేవీ తెలియవు. దగ్గర్లో దొరికే రాయి కదా అని తెచ్చి పేర్చారు. డానియెల్ అని ముద్దుగా పిలుచుకునే 90 మీటర్ల గోపురం అలా లేచింది.

ఆ గోపురం చాలా చూసింది. 1634లో, యూరప్‌లో కాథలిక్, ప్రొటెస్టెంట్ పక్షాల మధ్య సాగిన ముప్పై ఏళ్ల యుద్ధంలో, ఊరి పక్కనే స్వీడన్ సేన, దానితో కలిసిన ప్రొటెస్టెంట్ దళాలు కాథలిక్ పక్షమైన పవిత్ర రోమన్ చక్రవర్తి, స్పెయిన్ సేనల చేతిలో చిత్తుగా ఓడాయి. ముట్టడిలో ఉన్న ఊరు లొంగిపోయింది. శతాబ్దాలుగా స్వతంత్ర నగరంగా బతికిన ఊరు 1803లో బవేరియాలో కలిసిపోయింది.

1970 ఆగస్టులో మరో రకం అతిథులొచ్చారు. అలన్ షెపర్డ్, ఎడ్గర్ మిచెల్ తదితర వ్యోమగాములు చంద్రుడి మీద ఎలాంటి రాళ్లు ఏరాలో ఇక్కడి క్వారీల్లో నేర్చుకున్నారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆ ఇద్దరూ చంద్రుడి మీద నడిచారు. ఊళ్లోని మ్యూజియంలో ఇప్పుడు అపోలో 16 తెచ్చిన చంద్రశిల ఉంది.

ఇప్పటికీ రాత్రి పది నుంచి పన్నెండు దాకా, అరగంటకోసారి, గోపురం మీది కావలివాడు "సో గ్సెల్ సో" అని జర్మన్‌లో పాతకాలపు కావలి కేక వేస్తాడు. మీరెప్పుడైనా అక్కడికి వెళ్తే 350 మెట్లూ ఎక్కండి. ఎక్కే ముందు కింద గోడ రాయి మీద ఒకసారి అరచెయ్యి ఆనించండి.