వకీలు చెవిన వేసిన మాట కోర్టుకెక్కుతుందా?

[తెర మీద: పర్లాకిమిడి, వకీలుగారి గది]

కక్షిదారు తెలుగాయన. వకీలుగారు ఒడియా. మధ్యలో రెండు భాషలూ వచ్చిన గుమస్తా. పెద్దాయన గొంతు తగ్గించాడు: "ఆ కాగితం మీద ఏలిముద్ర మా అయ్యది కాదు బాబూ, నానే ఏసీసేను. కేసెట్టీసేరు. తమరే కాపాడాల."

రేపు ఆ వకీలునే బోనెక్కించి, ఏం చెప్పాడని అడిగితే? కక్షిదారు ఒప్పుకుంటే తప్ప చెప్పడానికి వీల్లేదు. ప్రివిలేజ్ అంటే ఇదే. అసెంబ్లీ వార్తల్లో వినే ప్రివిలేజ్ మోషన్ వేరు, అది సభలో కూర్చునేవాళ్ల గొడవ.

[తెర మీద: భారతీయ సాక్ష్య అధినియమ్, సెక్షన్ 132]

1872 నాటి ఎవిడెన్స్ యాక్టులో ఇది 126. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన ఈ అధినియమ్‌లో 132. కేసు ముగిసినా, వకీలును మార్చేసినా ఆ నోటికి తాళం పడే ఉంటుంది. తాళంచెవి మాత్రం కక్షిదారు దగ్గరే. ఇది వకీళ్లకిచ్చిన వెసులుబాటని చాలామంది పొరబడతారు.

మరి గుమస్తా సంగతి? మన సరిహద్దు ఊళ్లకు అసలు పనికొచ్చే ముక్క ఇది. దుబాసీకీ, వకీలు దగ్గర పనిచేసే గుమస్తాకీ అదే కట్టుబాటు. తోడొచ్చి ఊరికే వింటూ కూర్చున్న మీ బావమరిదికి ఈ సెక్షన్ అడ్డురాదు. ఆయన్ని టీ తాగి రమ్మనండి.

ఇప్పుడు పెద్దాయన మాట కాస్త మార్చి చూద్దాం: "ఈ కాగితమెట్టి ఆ పొలం మనకొచ్చీలా దావా ఎయ్యండి బాబూ." ఇక రక్షణ లేదు. చేసిన తప్పుకి వాదించమనడం ఒకటి, చెయ్యబోయే మోసానికి సాయం అడగడం ఇంకొకటి. చట్టం కూడా దొంగ దస్తావేజునే ఉదాహరణగా చూపిస్తుంది.

పోలీసులు వకీలునే పిలిపించి ఆరా తీస్తే? 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు దానికి కళ్లెం వేసింది. పిలిచే కారణం, ఇందాకటి మోసం లాంటి, సెక్షన్‌లోని మినహాయింపుల కిందకి రావాలి, పైగా ఎస్పీకి తగ్గని అధికారి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

భార్యాభర్తల మాటలకు అదే చట్టంలో సెక్షన్ 128 ఉంది. వాళ్లిద్దరే ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కితే మాత్రం అది పనిచెయ్యదు. డాక్టరుకైతే అసలు ఇలాంటి సెక్షనే లేదు. జడ్జి అడిగితే ఆయన చెప్పి తీరాలి.