ఏం జరిగిందో చెప్పమని అడగకండి

అందరికీ నమస్కారం. ఇక్కడ టీచర్లు, వాలంటీర్లే ఎక్కువగా ఉన్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను: యుద్ధాల వల్ల ఇల్లూ ఊరూ వదిలి వచ్చిన పిల్లల మనసుకు తగిలే గాయాల గురించి మాట్లాడతాను.

1939 సెప్టెంబరులో, రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు, బాంబులు పడతాయన్న భయంతో లండన్ నుంచి లక్షల మంది పిల్లల్ని పల్లెలకు పంపేశారు. చాలామంది తల్లిదండ్రులు నగరంలోనే ఉండిపోయారు. ఆ యుద్ధకాలంలోనే పిల్లల మనస్తత్వాన్ని అధ్యయనం చేసిన అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ లండన్‌లో పసిపిల్లల కోసం సంరక్షణ కేంద్రాలు నడిపారు. అన్నా కూడా 1938లో వియన్నా వదిలి వచ్చిన శరణార్థే. పిల్లల్ని రోజూ దగ్గరుండి గమనించిన వాళ్లిద్దరికీ ఒక సంగతి తెలిసొచ్చింది. తల్లి పక్కనే ఉండి బాంబుల మోత విన్న పసివాళ్ల కంటే, క్షేమమైన చోట ఉన్నా తల్లికి దూరమైన పసివాళ్లే ఎక్కువగా కుంగిపోయారు.

2024 చివరికి ప్రపంచంలో యుద్ధాలు, హింస వల్ల ఇల్లూ ఊరూ వదిలినవాళ్లు 12 కోట్లు దాటారు. వాళ్లలో దాదాపు 40 శాతం పిల్లలే. వాళ్ల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ పసివాళ్లే గుర్తొస్తారు.

బాధ ఉందని పిల్లలు నోటితో చెప్పరు. ఐదేళ్ల పిల్లాడు మళ్లీ పక్క తడుపుతాడు, వచ్చిన మాటలు మానేస్తాడు. ఇంకో పాప రోజూ అదే ఆట ఆడుతుంది: ఇల్లు కడుతుంది, కూలగొడుతుంది. కడుపునొప్పి అంటారు, డాక్టర్ చూస్తే ఏమీ ఉండదు. తలుపు గట్టిగా పడితే బల్ల కింద దూరతారు. క్లాసులో కిటికీలోంచి చూస్తూ కూర్చున్న అబ్బాయిని బద్ధకస్తుడు అనేస్తాం. రాత్రంతా నిద్ర లేదని మనకు తెలియదు. చాలా బుద్ధిగా, అసలు ఏడవని పిల్లల గురించే నాకు ఎక్కువ దిగులు. తమ్ముడికి అన్నం పెట్టి, అమ్మను ఓదార్చి, ఆ పిల్ల తన వయసునే మరిచిపోయి ఉంటుంది.

అందుకే పిల్లాడికి కౌన్సెలింగ్ కావాలని ఎవరైనా అడిగితే, ముందు వాళ్లమ్మ ఎలా ఉందని అడుగుతాను. ఆమెకు నిద్ర పడుతోందా, మాట్లాడటానికి తోడు ఎవరైనా ఉన్నారా? పెద్దవాళ్ల టెన్షన్ కాస్త తగ్గితే పిల్లల్లో మార్పు వస్తుంది. తల్లీతండ్రీ ఇద్దరూ లేని పిల్లలకైతే రోజూ కనిపించే ఒకే మనిషి కావాలి. వారానికో కొత్త వాలంటీర్ వచ్చి ముద్దుచేసి వెళ్లిపోతే, అది ఆ పిల్లలకు ఇంకో ఎడబాటు.

మంచి మనసుతోనే మనం చేసే పొరపాటు ఒకటుంది. పిల్లల్ని కూర్చోబెట్టి ఏం చూశావో చెప్పమంటాం, కెమెరా ముందు కూడా. దయచేసి అలా చేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని కూడా, మాట్లాడమని ఒత్తిడి చేయవద్దనే చెబుతుంది. పిల్లలు తమంతట తాము చెబితే పూర్తిగా వినండి, మధ్యలో ఆపకండి. నెలలు గడిచినా పీడకలలు తగ్గకపోయినా, చచ్చిపోవాలని ఉందన్నా, వెంటనే నిపుణుల దగ్గరికి తీసుకెళ్లాలి.

క్షేమంగా చేరాక కూడా కథ అయిపోదు. ఇక్కడ ఉండనిస్తారా, పంపేస్తారా అని ఏళ్ల తరబడి ఎదురుచూడటం మరో గాయం. స్వీడన్‌లో ఆశ్రయం కోరిన కుటుంబాల్లో కొందరు పిల్లలు మాట, తిండి, కదలిక అన్నీ మాని మంచానికే పరిమితమయ్యారు. 2000 తర్వాత అలాంటి కేసులు వందల్లో నమోదయ్యాయి. కారణాలపై డాక్టర్ల మధ్య ఇప్పటికీ వాదనలున్నాయి.

రేపు మీ క్లాసులోకి ఇల్లూ ఊరూ వదిలి వచ్చిన పిల్ల ఒకరు వస్తే, ముందు ఆమె పేరు సరిగ్గా పలకడం నేర్చుకోండి. ఎక్కడ కూర్చోవాలో, గంట ఎప్పుడు మోగుతుందో, ఇంటికి తీసుకెళ్లడానికి ఎవరు వస్తారో చెప్పండి. వాళ్లు వచ్చేదాకా గేటు దగ్గర ఆమె పక్కనే నిలబడండి.