జెల్ గట్టితనం అల పొడవులో ఉంది

అందరికీ నమస్కారం. ఈ రోజు జెల్ గట్టితనాన్ని ఎంఆర్‌ఐతో కనుక్కోవడం గురించి మాట్లాడుకుందాం. ముందుగా ఒక మాట తేల్చుకుందాం. ఎంఆర్‌ఐ యంత్రం గట్టితనాన్ని నేరుగా కొలవదు. జెల్‌లో పాకే అలను చూపిస్తుంది, అంతే. గట్టితనం మనం లెక్క కట్టుకోవాలి. జున్ను గిన్నెను పక్కనుంచి తడితే వణుకు నెమ్మదిగా పాకుతుంది. జున్ను గట్టిదైతే చురుగ్గా పాకుతుంది. 1995లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ముత్తుపిళ్లై, ఎహ్మన్ బృందం ఆ వణుకును ఎంఆర్‌ఐలో బొమ్మ కట్టి చూపించింది. కాలేయం గట్టిపడటాన్ని పట్టుకునే నేటి పరీక్షకు మూలం అదే.

లెక్క చిన్నది. 100 హెర్ట్జ్ వద్ద, అంటే సెకనుకు 100 ఊపుల వద్ద, అల పొడవు 2 సెం.మీ. ఉంటే వేగం సెకనుకు 2 మీటర్లు. వేగం వర్గాన్ని సాంద్రతతో గుణించాలి. జెల్ సాంద్రత దాదాపు నీటిదే కనుక దృఢతా గుణకం, అంటే పక్కకు తోస్తే ఆకారం మారకుండా జెల్ ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే కొలత, 4 కిలోపాస్కల్స్. ఇక్కడున్న వర్గం చాలా ముఖ్యం: అల పొడవును 10 శాతం ఎక్కువగా చదివితే జవాబు 21 శాతం పెరుగుతుంది. కాబట్టి ఒక్క అలను నమ్మకండి, నాలుగైదు శిఖరాల మధ్య దూరం తీసుకోండి.

అసలు కష్టం జెల్ దగ్గరే. లీటరు చన్నీటిలో 5 గ్రాముల అగార్ (సముద్రపు నాచు నుంచి తీసే, జెల్‌గా బిగిసే పదార్థం) పొడిని చల్లి, కలుపుతూ, ద్రవం తేటపడేదాకా మరిగించాలి. మరిగేటప్పుడు నీరు ఆవిరైపోతుంది. ముందూ తర్వాతా తూచి, తగ్గినంత వేడినీరు పోయకపోతే మీ అర శాతం అర శాతంగా ఉండదు. అగార్ శాతం రెట్టింపైతే గట్టితనం రెట్టింపుకు మించి పెరుగుతుంది కనుక ఈ చిన్న తేడా ఫలితంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 50 డిగ్రీలకు దిగాక గిన్నె అంచువెంట మెల్లగా పోయాలి. 40 లోపు అది బిగుసుకుంటుంది. చిక్కుకున్న గాలిబుడగ చిత్రంలో నల్లటి గుంటవుతుంది, అలనూ చెదరగొడుతుంది. పైన ప్లాస్టిక్ పొర కప్పి, రాత్రంతా స్కానర్ గదిలోనే ఉంచండి.

జెల్‌లో అల పుట్టించడానికి స్పీకర్‌తో ఊపుతాం. స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది కాబట్టి అది గది బయటే ఉండాలి. గాలి ఒత్తిడి గొట్టం ద్వారా లోపలికి వస్తుంది. ఆ ఊపుకు తాళం కలిపి గ్రేడియెంట్ (చోటును బట్టి మారే అయస్కాంత క్షేత్రం) దిశను అటూ ఇటూ మారుస్తారు. మీటరుకు 20 మిల్లీటెస్లా గ్రేడియెంట్‌ను ఒక్క ఆవర్తనం నడిపితే, 100 హెర్ట్జ్ వద్ద 10 మైక్రాన్ల కదలికకు ఎంఆర్‌ఐ సంకేతపు దశ సుమారు 20 డిగ్రీలు జరుగుతుంది. 100 మైక్రాన్లు ఊపితే 180 దాటి దశ చుట్టు తిరుగుతుంది, అల మధ్యలో కత్తిరించినట్టు గీత పడుతుంది. అప్పుడు ఊపు తగ్గించండి. ఊపుకూ గ్రేడియెంట్‌కూ మధ్య సమయాన్ని 2.5 మిల్లీసెకన్ల చొప్పున జరుపుతూ నాలుగు చిత్రాలు తీస్తే అల పూర్తి ఆవర్తనం దొరుకుతుంది.

జెల్ గిన్నె గోడను వదిలి జారితే అల లోపలికే వెళ్లదు. గిన్నె ఇరుకైతే గోడల నుంచి తిరిగొచ్చిన అలలు కలిసి, కదలకుండా నిలిచిన గళ్లలా కనిపిస్తాయి. వాటి దూరాన్ని అల పొడవనుకోకండి.

చివరిగా, అల్ట్రాసౌండ్ యంత్రాల్లో కొన్ని యంగ్ గుణకాన్ని, అంటే లాగినా నొక్కినా పదార్థం ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే కొలతను, చూపిస్తాయి. మెత్తని జెల్‌లో అది దృఢతా గుణకానికి దాదాపు మూడు రెట్లు. రెండూ కిలోపాస్కల్స్‌లోనే ఉంటాయి కనుక, అంకె పక్కనే ఏ గుణకమో, ఎన్ని హెర్ట్జ్ వద్ద తీసిందో తప్పక రాయండి.