కాగితం మీద ఫ్రీలాన్సర్, పనిలో ఉద్యోగి

(తెర మీద: ఒప్పంద పత్రం. సంతకం పెడుతున్న చేయి.)

మీ దగ్గర ఒకతను డిజైన్ పని చేస్తున్నాడనుకుందాం. అగ్రిమెంట్‌లో ‘ఫ్రీలాన్సర్’ అని రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టారు. మీరు జీతం అనరు, ఫీజు అంటారు. అతను నెలనెలా బిల్లు కూడా ఇస్తాడు. ఇంకేం, అంతా పక్కాగా ఉన్నట్టే కదా?

(తెర మీద: అదే మనిషి ఆఫీసులో. గోడ గడియారంలో తొమ్మిది.)

ఇప్పుడు అతని రోజు చూడండి. తొమ్మిదికల్లా రావాలి. మీ కంప్యూటర్ మీదే పని. సెలవు కావాలంటే మిమ్మల్ని అడగాలి. రెండేళ్లుగా వేరే క్లయింట్ లేడు. పని చెడితే మళ్లీ చేస్తాడు, కానీ ఆ నెల డబ్బు మాత్రం తగ్గదు. అంటే లాభనష్టాలు మీవి, అతనివి కావు. చాలా దేశాల చట్టం ఇతన్ని ఉద్యోగిగానే చూస్తుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో ఇచ్చిన 198వ సిఫార్సు సారం కూడా ఇదే. పని ఎలా జరుగుతోంది, డబ్బు ఎలా అందుతోంది అన్నవే ముఖ్యం. ఒప్పందంలో పెట్టిన పేరు కాదు. 2021లో ఉబర్ డ్రైవర్ల కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు కూడా ముందుగా ఒప్పందాన్ని చూడలేదు. ఛార్జీ ఎవరు నిర్ణయిస్తున్నారు, రైడ్లు కాదంటే ఏమవుతోంది అని చూసింది. అక్కడ ఉద్యోగికీ సొంత వ్యాపారికీ నడుమ ‘వర్కర్’ అనే తరగతి ఉంది. డ్రైవర్లు అందులోకి వచ్చారు. కనీస వేతనం, జీతంతో సెలవులు దక్కాయి.

(తెర మీద: ప్రింటింగ్ ప్రెస్.)

కాలిఫోర్నియా పద్ధతి ఇంకా గట్టిది. అక్కడి సుప్రీంకోర్టు 2018లో పెట్టిన మూడు ప్రశ్నలు 2020 నుంచి చట్టంలోనూ ఉన్నాయి. మీ అజమాయిషీ లేకుండా పని చేస్తున్నాడా? మీ వ్యాపారానికి బయటి పనేనా? అతనికి ఆ పనిలో సొంత వ్యాపారం ఉందా? మూడింటికీ ‘అవును’ అని నిరూపించాల్సింది యజమానే.

రెండో ప్రశ్న దగ్గరే చాలామంది దొరికిపోతారు. ప్రెస్‌లో ఏసీ బాగుచేసి వెళ్లినవాడు బయటివాడు. రోజూ పుస్తకాలకు బైండింగ్ చేసేవాడు? అదే మీ వ్యాపారం కదండీ!

“అతనే అలా కావాలన్నాడు” అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. అది సాధారణంగా చెల్లదు. కనీస వేతనం లాంటి హక్కుల్ని మనిషి తానే వదులుకుంటానన్నా చట్టం ఒప్పుకోదు. ఇంకో పొరపాటు, రోజుకు రెండు గంటలే వస్తాడు కాబట్టి ఫ్రీలాన్సర్ అనుకోవడం. గంటలు తక్కువైతే పార్ట్‌టైమ్ ఉద్యోగి అవుతాడు, అంతే.

తేడా బయటపడేది చాలాసార్లు మనిషి మానేసినప్పుడో, పనిలో దెబ్బ తగిలినప్పుడో. అప్పుడు పాత బకాయిలు, కట్టని పన్నులు, వడ్డీ, జరిమానా అన్నీ ఒకేసారి మీద పడతాయి. చిన్న వ్యాపారానికి అది మామూలు టెన్షన్ కాదు.

అందుకే సలహాదారు దగ్గరికి ఒక్క అగ్రిమెంట్ పట్టుకుని వెళ్లకండి. ఆ మనిషి గత వారం ఎప్పుడు వచ్చాడు, ఎవరు చెబితే ఏం చేశాడు, ఎవరి సామాను వాడాడు, అన్నీ ఒక కాగితం మీద రాసి అది కూడా చూపించండి.