పప్పుకి ఎన్ని విజిళ్లు? కుక్కర్ మూత లోపలి సంగతులు

[తెరపై: పొయ్యి మీద కుక్కర్, విజిల్ లేచి పడుతుంది]

కందిపప్పుకి ఎన్ని విజిళ్లు అని అడిగితే ఇంటికో లెక్క చెబుతారు. తప్పు ఎవరిదీ కాదు. విజిల్‌ని తయారుచేసిందే టైము చెప్పడానికి కాదు మరి.

[క్లోజప్: ఆవిరి గొట్టం, పక్కన వెయిట్]

గొట్టం కన్నం 3 మిల్లీమీటర్లు అనుకుందాం. చదరపు సెంటీమీటరుకి ఒక కిలో ఒత్తిడి నిలబడాలంటే దాని మీద 70 గ్రాముల బరువు చాలు. ఒత్తిడి అంతకు మించితే వెయిట్, అంటే మనం విజిల్ అనేదే, లేస్తుంది, కాస్త ఆవిరి వదిలి మళ్లీ కూర్చుంటుంది. ఆ ఒత్తిడిలో నీళ్లు సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మంట పెంచినా వేడి అక్కడే ఆగుతుంది. విజిళ్లు గబగబా వస్తాయి, నీళ్లు ఇంకుతాయి, గ్యాస్ దండగ. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి, అక్కడినుంచి నిమిషాలు చూసుకోండి.

బరువుతో ఆవిరిని అదుపు చేసే ఈ ఉపాయం ఫ్రెంచి శాస్త్రవేత్త డెనిస్ పాపిన్‌ది. 1679లో ఆయన లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి చూపించిన పాత్ర ఎముకల్ని మెత్తబరచడానికి. పేలుతుందన్న భయంతోనే దానికి వాల్వ్ పెట్టాడు.

[తెరపై: రెండు రకాల మూతలు పక్కపక్కన]

అసలు తెలివంతా మూతలో ఉంది. 20 సెంటీమీటర్ల అడ్డం ఉన్న మూత మీద లోపలి ఆవిరి 300 కిలోలకు పైగా బలంతో తోస్తుంది. హెచ్. డి. వాసుదేవ 1959లో మొదలుపెట్టిన హాకిన్స్ కుక్కర్‌లో మూత లోపలికి వెళ్తుంది. మూతి కాస్త కోలగా ఉంటుంది కాబట్టి మూతని వాల్చి దూర్చి, పైకి లాగి బిగిస్తారు. ఆవిరి తోసేకొద్దీ అది అంచుకి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. ఒత్తిడి ఉండగా తెరుద్దామన్నా రాదు.

బయటినుంచి మూసే రకం మూతలో ఆ బలమంతా అంచు కింద పట్టుకున్న పళ్ల మీద పడుతుంది. ఒత్తిడి పదో వంతుకి తగ్గినా ఇంకా 30 కిలోలు మిగిలే ఉంటుంది. వెయిట్ కొంచెం ఎత్తి చూడండి, 'బుస్' అనకపోతేనే మూత తిప్పండి.

[తెరపై: పగిలిన గ్యాస్కెట్]

మూత పక్కనుంచి ఆవిరి కారుతుంటే విజిల్ రాదు. రాలేదు కదా అని వదిలేస్తే అడుగంటుతుంది. గ్యాస్కెట్, అంటే మూత అంచున ఉండే రబ్బరు రింగు, గట్టిపడినా, పగిలినా మార్చేయండి. పప్పు నురగ గొట్టంలోకి పోకుండా కుక్కర్ సగానికి మించి నింపొద్దు. మూత పెట్టేముందు గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడండి.

గొట్టం పూడినా, నీళ్లు అయిపోయినా ఆఖరి అడ్డు సేఫ్టీ వాల్వ్. చాలా కుక్కర్లలో దాని మధ్యనున్న లోహం వేడికి కరిగి ఆవిరికి దారిస్తుంది. కరిగాక దాని స్థానంలో అదే మోడల్‌ వాల్వే పెట్టాలి. బోల్టు బిగిస్తే ఈసారి ఆవిరి దారి వెతుక్కునేది మూతలోంచే.